కూరగాయల మడికి అలంకరణ: రంగు రాళ్లా, చెక్క బోర్డులా?

ఇంట్లోనే ఏదైనా చేసి పెడదాం అంటే ముందు తట్టేవి ఈ రెండే. రాళ్లయితే సింపుల్, నున్నటివి ఏరుకుని సబ్బుతో కడిగి బాగా ఆరబెట్టాలి, లోపల తడి ఉంటే పెయింట్ పొరలుగా లేచిపోద్ది, తర్వాత అక్రిలిక్ రంగు పల్చగా రెండు కోట్లు, అది ఆరాక పైన బయట వాడే వార్నిష్. పిల్లలు కూడా కూర్చుని వేసేయొచ్చు. వంకాయ బొమ్మేసి మొక్క మొదట్లో పెడితే అదే నేమ్ బోర్డు. ఒకటే తిప్పలు, గుమ్మడి తీగ పాకిందంటే రాయి ఆకుల కింద ఎక్కడుందో కనపడదు, పార పెట్టినప్పుడు ఠంగుమంటది.

చెక్క బోర్డు ఎత్తుగా నిలబడుద్ది కాబట్టి టమాటా గుబురైనా కనిపిస్తది, అందుకే నా ఓటు దీనికే. కానీ పని ఎక్కువ, కొయ్యాలి, గరుకు కాగితంతో రుద్దాలి, పైగా మట్టిలో దిగే భాగం తేమకి ముందు కుళ్లుద్ది. అందుకని కాలుకి ఇనుప రాడ్ పెట్టి చెక్కని మట్టికి తగలకుండా పైన బిగిస్తే చాలాకాలం ఉంటది. పాత ప్యాలెట్ చెక్క, అంటే సరుకులు పేర్చి తరలించే చెక్క బల్లలది, వాడేవాళ్లు దాని మీదున్న ముద్ర చూడండి, హెచ్‌టీ అంటే వేడితో శుద్ధి చేసింది, ఎంబీ ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషపు పురుగుమందు కొట్టింది, అది తినే మొక్కల దగ్గరికి అసలొద్దు. పాత పెయింట్ ఉన్న తలుపు చెక్కలూ అంతే, సీసం ఉండొచ్చు.

ఆకుకూరల మడి లాంటి పొట్టి మొక్కలకైతే మాత్రం రాళ్లే బాగుంటాయి.