లింకన్ ఉత్తరాలు: అచ్చు సంపుటాలా, అసలు కాగితాలా?

అబ్రహాం లింకన్ ఉత్తరాలు చదవాలనుకుంటే ఇప్పుడు అమెరికా వెళ్లక్కర్లేదు. రాయ్ బాస్లర్ సంపాదకుడిగా 1953 నుంచి వెలువడిన సంపుటాలను మిషిగన్ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో పెట్టింది. లింకన్ దగ్గర మిగిలిన కాగితాలను అమెరికా జాతీయ గ్రంథాలయం లాంటి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ స్కాన్ చేసి పెట్టింది. రెండూ ఉచితమే. మరి దేనితో మొదలుపెట్టాలి?

హాయిగా చదువుకోవాలంటే బాస్లరే. తేదీల వరుస, శుభ్రమైన అచ్చు, కింద నోట్సు, ఏ మాట కావాలంటే ఆ మాట వెతుక్కోవచ్చు. చిక్కల్లా ఒకటే. అందులో ఉన్నది లింకన్ రాసింది. పక్కవాడు ఫోన్ మాట్లాడుతుంటే విన్నట్టు, అవతలి గొంతు మనకు వినపడదు. నోట్సులో కొన్ని ఉత్తరాలు ఇచ్చారు గానీ, అన్నీ ఇవ్వడం ఏ సంపాదకుడి తరమూ కాదు.

లైబ్రరీలో ఉన్నవి ఎక్కువగా ఆయనకు వచ్చినవి. ఉద్యోగం ఇప్పించమనేవాళ్లు, అడక్కుండానే సలహాలిచ్చేవాళ్లు, సేనాపతులు, అందరూ ఉంటారు. తను పోయాక 21 ఏళ్ల దాకా వీటిని ఎవరికీ చూపించొద్దని కొడుకు రాబర్ట్ షరతు పెట్టాడు. అందుకే 1947 జులై 26న గానీ బయటికి రాలేదు.

అమెరికా అంతర్యుద్ధం నడుస్తున్న రోజులు, 1864 ఆగస్టు 23 సంగతే చూడండి. తాను మళ్లీ గెలవకపోవచ్చని, ఓడితే కొత్త అధ్యక్షుడు పదవి చేపట్టేలోపే ఆయనతో కలిసి దేశాన్ని కాపాడాలని లింకన్ ఓ కాగితం మీద రాశాడు. అచ్చులో అది నాలుగు ముక్కలు. స్కాన్‌లో వెనకవైపు చూస్తే ఏడుగురు మంత్రుల సంతకాలు! లోపల ఏముందో చూపించకుండా మడిచి సంతకాలు పెట్టించాడు మరి. పార్టీ జాతీయ కమిటీ అధ్యక్షుడు హెన్రీ రేమండ్ అంతకు ముందురోజే, గాలి మనకు బాగా ఎదురుగా ఉందని రాసిన ఉత్తరం కూడా అక్కడే దొరుకుతుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఆ వారం వాళ్లకు ఎంత టెన్షనో అర్థమవుతుంది.

చేతిరాతల గొడవ మాత్రం ఉంది. లింకన్ రాత ఫర్వాలేదు, మిగతావాళ్లలో కొందరిది చూస్తే తల తిరుగుతుంది. నాక్స్ కాలేజీ వాళ్లు సుమారు 10,000 కాగితాలను ఎత్తి రాశారు, 2018 నుంచి వాలంటీర్లు కూడా ఆ పనిలో చేరారు.

ఒకటే ఎంచుకోమంటే నా ఓటు లైబ్రరీకే. కొత్తవాళ్లు మాత్రం బాస్లర్‌లో ఒక తేదీ పట్టుకుని, అదే వారం ఆయనకు వచ్చిన టపా లైబ్రరీలో చూస్తే దారి తప్పరు.