కాలనీ సంఘమా, నాలుగైదు కాలనీల ఒప్పందమా, సమాఖ్యా: ఏది మేలు?

మా కాలనీలో వరద నీటి పైపు పడిన రోజు మైసూర్‌పాక్ పంచుకున్నాం. రెండేళ్లు ఇంజినీర్లు ఏఈ చుట్టూ, డీఈ చుట్టూ తిరిగి, ఎస్టిమేట్ వేయించి, టెండర్ దాకా తెచ్చుకున్న పని అది. తర్వాత వచ్చిన మొదటి పెద్ద వానకి మా రోడ్డు మీద చుక్క నీరు నిలవలేదు. వాట్సాప్ గ్రూపు నిండా చప్పట్లే. రాత్రి పదిన్నరకి గేటు దగ్గర ఎవరో పిలుస్తున్నారని వాచ్‌మన్ వచ్చి చెప్పాడు. వెళ్లి చూస్తే దిగువ కాలనీ సెక్రటరీ మేడమ్, ఆవిడ వెనక ఇంకో నలుగురు. చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. చేతిలో టార్చిలైటు.

"సార్, మీ రోడ్డు ఆరింది. మా ఇళ్లు మునిగాయి. ఒక్కసారి వచ్చి చూడండి," అంది.

వెళ్లాం. మాకు వేసింది 600 ఎంఎం పైపు. అది పోయి కలిసేది వాళ్ల పాత 300 ఎంఎం పైపులో. మ్యాన్‌హోల్ మూత పక్కకి జరిగిపోయి, నీళ్లు బుడబుడా పొంగుతున్నాయి. ఒకింట్లో ఇద్దరు ఫ్రిజ్ ఎత్తి పట్టుకుంటే, ఒక పెద్దాయన కింద ఇటుకలు పేరుస్తున్నాడు. మమ్మల్ని చూసి ఎవరూ ఏమీ అనలేదు. అంటేనే బాగుండేది.

నేను మా సంఘం కోశాధికారిని. పక్క కాలనీల వాళ్లు కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతుంటారు: ఎవరి సంఘం వాళ్లు నడుపుకుంటే చాలదా, మళ్లీ ఈ సమాఖ్యలు, జేఏసీలు ఎందుకు? ఆ రాత్రి ముందు వరకూ నేనూ ఆ మాటే అనేవాణ్ణి. ఇప్పుడు అనను. అలాగని అందరూ సమాఖ్యలో చేరిపోండి అని కూడా చెప్పను.

ముందు సొంత సంఘం సంగతి. దీన్ని పెట్టడం తేలిక. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు కూడితే చాలు. ఏటా జనరల్ బాడీ పెట్టి, కమిటీ జాబితా, లెక్కలు రిజిస్ట్రార్‌కి పంపాలి. చాలా సంఘాలు మొదటి రెండేళ్లు పంపి మర్చిపోతాయి, ఏదో కోర్టు గొడవ వచ్చినప్పుడు నాలిక్కరుచుకుంటాయి. కానీ కాలనీ లోపలి పనులకి దీన్ని మించింది లేదు. పార్కు స్థలం ఎంత, లేఅవుట్ మ్యాప్‌లో దాని హద్దులేంటి, మూలమీద ప్లాటు ఆయన ప్రహరీ ఎన్ని అడుగులు ముందుకి జరిపాడు, ఇవి తెలిసేది అక్కడే ముప్పై ఏళ్లుగా ఉన్నవాళ్లకే. 2024లో చెరువులు, పార్కుల కబ్జాలు తొలగించే హైడ్రా వచ్చాక సోమవారం ప్రజావాణికి పార్కుల కబ్జాల మీద ఫైళ్లు పట్టుకెళ్లినవాళ్లలో కాలనీ సంఘాలవాళ్లు ఎందరో. పాత లేఅవుట్ కాగితం ఎవరి బీరువాలో ఉందో సమాఖ్యకి ఎలా తెలుస్తుంది?

డబ్బు విషయం కూడా అంతే. హైదరాబాద్ పోలీసుల 'నేను సైతం' కింద సీసీ కెమెరాలకి మేం చందాలు వేసుకున్నప్పుడు మూడు వారాల్లో మొత్తం వసూలైంది. కారణం ఒకటే. ఇచ్చినవాడికి కెమెరా తన ఇంటి ముందు స్తంభం మీద కనబడుతుంది. 1997లో జన్మభూమి మొదలయ్యాక మా నాన్నగారి తరం వాటా డబ్బు కట్టి సిమెంటు రోడ్డు వేయించుకున్నది కూడా ఆ ధైర్యంతోనే. నా రసీదు పుస్తకంలో నెలకి మూడొందలు రాసే ఇళ్లు నూట పన్నెండులో తొంభై దాకా ఉన్నాయి. అదే మూడొందల్లో యాభై 'సమాఖ్యకి' అని అడిగి చూశాను. పదకొండు మంది ఇచ్చారు.

సొంత సంఘానికి చేతకానిది ఏమిటంటే, గేటు దాటిన ఏ పనైనా. నీళ్లకి గేటు తెలియదు. హైదరాబాద్‌లో మన కాలనీలు చాలావరకు గొలుసుకట్టు చెరువుల మధ్య లేచినవే. మీర్‌పేట, జిల్లెలగూడ చెరువులు నిండితే నీరు సరూర్‌నగర్ చెరువుకి వస్తుంది, అది పొంగితే కోదండరాంనగర్, చైతన్యపురి మీదుగా మూసీ దారి పడుతుంది. 2020 అక్టోబర్ 13 రాత్రి నగరమంతా చూసింది ఇదే. పై చెరువు అలుగు పారితే కింది చెరువుకి మత్తడి పోటు తగులుతుందని పల్లెలో ఏ రైతునడిగినా చెప్తాడు. కాలనీల్లో ఉండే మనం మాత్రం మన వీధి వరకు పైపు వేయించుకుని, మైసూర్‌పాక్ తింటాం. కుక్కలూ అంతే, చెత్త కుప్పా అంతే. మా మూలమీద చెత్త వేయకుండా బోర్డు పెట్టి, కెమెరా పెట్టి, ముగ్గు కూడా వేయించాం. చెత్త మాయం కాలేదు, నూట యాభై గజాల అవతల పక్క కాలనీ మూలకి చేరింది.

ఇక సమాఖ్య. ఇరవై, ముప్పై, వంద కాలనీలు ఒక గొడుగు కిందికి రావడం. దీని బలం ఎక్కడుందో చెప్పడానికి సికింద్రాబాద్ చాలు. కంటోన్మెంట్ ప్రాంతంలో సైన్యం రోడ్లు మూస్తామన్నప్పుడు మల్కాజిగిరి, నేరేడ్‌మెట్, సైనిక్‌పురి వైపు వాళ్లందరికీ ఒకేసారి ఊపిరాడలేదు. ఆఫీసుకి పోయేవాడు, ఆసుపత్రికి పోయేవాడు, స్కూల్ బస్సు, అన్నీ చుట్టు తిరగాల్సిందే. ఒక కాలనీ సంఘం లెటర్‌హెడ్ మీద రక్షణ శాఖకి ఉత్తరం రాస్తే ఎవరు చదువుతారు? అక్కడి ఈశాన్య కాలనీల సమాఖ్య లాంటివి ఏళ్ల తరబడి వెంటపడ్డాయి. 2018 మేలో రక్షణ శాఖ దేశంలోని కంటోన్మెంట్లలో మూసిన రోడ్లు తెరవమని ఆదేశించింది. ఆ తర్వాత కూడా కొన్ని దారులు మూతపడే ఉన్నాయి, అది వేరే సంగతి. విశాఖలోనూ అంతే. 2020 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో ఆస్తి పన్నును అద్దె విలువ నుంచి మూలధన విలువకి, అంటే ఆస్తి ధర లెక్కకి, మారుస్తూ చట్టం సవరించారు. 2021లో అక్కడి కాలనీ, అపార్ట్‌మెంట్ సంఘాలు కలిసి లెక్కలు వేసి చూపించి అభ్యంతరాలు ఇచ్చాయి. పెంపు 15 శాతం దాటదని ప్రభుత్వం ప్రకటించింది. పన్ను మీద, చట్టం మీద కొట్లాడటం ఒంటరి సంఘం వల్ల అయ్యే పని కాదు.

ఈ రెండు ఉదాహరణల్లో ఒక పోలిక గమనించండి. రెండింట్లోనూ అవతలి పక్షం బయటివాడు. బయటివాడు ఎదురుగా ఉంటే సమాఖ్య గట్టిగా నిలబడుతుంది. తగాదా సభ్యుల మధ్యే అయితే దానికి నోరు పెగలదు. ఎగువ కాలనీ, దిగువ కాలనీ రెండూ చందా కట్టిన సభ్యులే అయినప్పుడు అధ్యక్షుడు ఎవరి పక్షం మాట్లాడతాడు? మా పైపు సంగతి మేం ముందు పట్టుకెళ్లింది మా ప్రాంత సమాఖ్యకే. రెండు గంటల మీటింగ్ జరిగింది. మొదటి ముప్పావుగంట ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో ముందుండాలనే దాని మీద. మిగిలిన సమయంలో 'సంబంధిత అధికారుల దృష్టికి తీసుకెళ్లాలని' తీర్మానం. పదిమందిలో పాము చావదంటారు, ఆ రోజు కళ్లారా చూశాను. పైగా కాస్త పేరొచ్చిన సమాఖ్య నాయకుడికి కార్పొరేటర్ టికెట్ మీద కన్ను పడుతుంది. పడటం తప్పని నేననను, కానీ ఆ రోజు నుంచి ఆయన రాసే ప్రతి వినతిపత్రం అవతలి పార్టీవాళ్లకి రాజకీయంలాగే కనిపిస్తుంది. నష్టం కాలనీలకి.

మూడోది నాకు ఇష్టమైనది, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను. ఒకే పని కోసం, ఆ పనితో నేరుగా సంబంధం ఉన్న నాలుగైదు కాలనీలు కూర్చుని రాసుకునే ఒప్పందం. రిజిస్ట్రేషన్ ఉండదు, అధ్యక్షుడు ఉండడు, బ్యాంకు ఖాతా అసలే ఉండదు.

మేం చేసింది ఇది. ఒక ఆదివారం పొద్దున ఆరింటికి ఐదు కాలనీల నుంచి ఇద్దరిద్దరు చొప్పున వచ్చారు. చెరువు అలుగు దగ్గర మొదలుపెట్టి నాలాలో కలిసే దాకా నడిచాం. ఒకరి చేతిలో టేపు, ఒకరి చేతిలో స్కూలు నోటు పుస్తకం. ప్రతి మ్యాన్‌హోల్ దగ్గర ఆగి, పైపు సైజు ఎంత, లోతు ఎంత, ఎక్కడ పూడిక ఉంది, రాసుకున్నాం. 600, తర్వాత 300, మళ్లీ 450, ఒకచోట పైపు మీదే ఒకాయన కారు పెట్టుకునే ర్యాంపు కట్టేశాడు. ఆ ర్యాంపు ఆయన మాతోపాటు నడుస్తున్నవాడే. నోటు పుస్తకంలో ఆ లైను రాసేటప్పుడు అందరం ఆయన వంక చూశాం. "రాయండి, తీసేస్తాను," అన్నాడు. నెల పట్టింది గానీ తీసేశాడు. ఉత్తరాలతో కాని పని పదిమంది ఎదుట నిలబడితే అయింది.

తర్వాత ఒక పేజీ ఒప్పందం రాసుకున్నాం. అందులో ముఖ్యమైన మాట ఒక్కటే: పని దిగువ నుంచి ఎగువకి జరగాలి. అంటే అందరికంటే కింద ఉన్న కాలనీకి పెద్ద పైపు పడే వరకు పైవాళ్లెవరూ తమ వీధికి కొత్త పని అడగకూడదు. మా జనరల్ బాడీలో దీని మీద పెద్ద రగడ జరిగింది. "మన ఓట్లు, మన పన్నులు, వాళ్లకెందుకు అడగాలి?" అన్నారు. ఆ రాత్రి నాతోపాటు టార్చిలైటు వెంట వచ్చిన కుర్రాడు లేచి ఫ్రిజ్ కింద ఇటుకల సంగతి చెప్పాడు. చేతులెత్తిస్తే అరవై రెండు మంది సరేనన్నారు.

ఐదు కాలనీల లెటర్‌హెడ్‌లు, ఒకే డిమాండు. ఆఫీసులో ఇంజినీరు గారు రెండుసార్లు చదివి, "ఇందులో మీ కాలనీ పేరు ఎక్కడుందండీ?" అని నన్నడిగారు. సంతకం దగ్గరే ఉందన్నాను. పక్క కాలనీకి పని చేయమని అడిగే కాగితం తనకి ఎప్పుడూ రాలేదన్నారు. ఇలాంటి కాగితాన్ని పక్కన పెట్టడం కష్టం. విడివిడిగా ఐదుగురు అడిగితే ఎవరికి ముందు ఇవ్వాలో అధికారికి టెన్షన్, దాంతో ఎవరికీ ఇవ్వడు. వరుస మనమే రాసిస్తే ఆ సాకు పోతుంది.

లోపాలు లేవా? ఉన్నాయి. ఒప్పందం మాట మీద నడుస్తుంది. కమిటీ ఎన్నికల్లో సెక్రటరీ మారితే కొత్తాయన "నేను సంతకం పెట్టలేదు కదా" అనొచ్చు. మాకు ఒక కాలనీ అలాగే జారిపోయింది. పని అయ్యాక ఎవరూ మీటింగ్‌కి రారు. మొన్న కుక్కల ఆపరేషన్ల గురించి పిలిస్తే ఇద్దరం వచ్చాం, టీ తాగి వెళ్లిపోయాం. కోర్టుకెళ్లాల్సిన పని పడితే ఇది పనికిరాదు, అక్కడ రిజిస్టరైన సంఘమో సమాఖ్యో ఉండాలి.

వార్డు కమిటీలు, ఏరియా సభలు ఉన్నాయిగా అనేవాళ్లున్నారు. కాగితం మీద చూస్తే అన్నిటికంటే మంచివి అవే. 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. ఏరియా సభలో ఓటరు ప్రతి ఒక్కరూ సభ్యుడే. ఇదే నాకు నచ్చే సంగతి, ఎందుకంటే మన కాలనీ సంఘాల్లో సభ్యులంటే ఇంటి ఓనర్లు. పదేళ్లుగా అద్దెకుంటున్నవాడికి ఓటు లేదు, నాలా పక్క బస్తీకి అసలు సంఘమే లేదు. ఢిల్లీలో షీలా దీక్షిత్ ప్రభుత్వం 2000లో మొదలుపెట్టిన, పాలనలో జనాన్ని కలుపుకునే భాగీదారీ కార్యక్రమానికి 2005లో ఐక్యరాజ్యసమితి అవార్డు వచ్చింది. దాని మీద పడ్డ పెద్ద విమర్శ ఏమిటో తెలుసా? పిలిచింది కాలనీ సంఘాలనే, మురికివాడల వాళ్లని కాదు అని. ఆ విమర్శ మన సమాఖ్యలకీ, మా ఐదు కాలనీల ఒప్పందానికీ కూడా తగులుతుంది. ఏరియా సభ నడిస్తే ఆ లోటు తీరేది. నా ఎరికలో మా దగ్గర సరిగ్గా నడిచింది లేదు. వార్డు కమిటీకి అధ్యక్షత కార్పొరేటర్‌దే కాబట్టి, ఆయన పిలిస్తేనే కూడుతుంది.

ఎవరైనా నన్నడిగితే ఇలా చెప్తున్నాను. డబ్బు కాలనీలోనే ఉంచుకోండి, నా రసీదు పుస్తకం మీద ఒట్టు, అది గేటు దాటితే లెక్క తెగదు. నీళ్లు, చెత్త, రోడ్డు లాంటివాటికి ఆ దారిలో ఉన్నవాళ్లతో మాత్రమే కూర్చోండి, ఊరందరితో కాదు. పన్నులకీ, ప్రభుత్వంతో పెద్ద పేచీలకీ సమాఖ్యలో పేరు ఉంచండి, సంతకం పెట్టండి, కానీ మీ మ్యాన్‌హోల్ సంగతి అది చూస్తుందని కూర్చోకండి.

దిగువ కాలనీకి పోయినేడాది పెద్ద పైపు పడింది. మేడమ్ మాకు మైసూర్‌పాక్ పంపలేదు, "నాలా దాకా కలిశాక పంపుతాను" అంది. ఇంకా నలభై మీటర్లు మిగిలి ఉంది. అది బస్తీలో రెండు వరసల ఇళ్ల మధ్య నుంచి పోవాలి. వాళ్లకి సంఘం లేదు, లెటర్‌హెడ్ లేదు. మేం పైపు తెచ్చి వాళ్ల గడప ముందు వదిలితే, ఆ రాత్రి మా గేటు దగ్గరికి వచ్చినట్టు ఈసారి వాళ్లు వస్తారు. అందుకే వచ్చే ఆదివారం టేపు, నోటు పుస్తకం పట్టుకుని ముందు మేమే వెళ్తున్నాం.