టూల్ 'ఫియర్ ఇనాక్యులమ్': ఏళ్ల తరబడి విన్నాక నా మాట

అమెరికా మెటల్ బ్యాండ్ టూల్ చేసిన ఈ ఆల్బమ్ 2019 ఆగస్టు 30న వచ్చింది, అప్పటి నుంచి వింటూనే ఉన్నాను. 2006లో '10,000 డేస్' ఇచ్చాక పదమూడేళ్లు ఆగి తెచ్చిన ఆల్బమ్ కాబట్టి మొదటి వారంలో పొగిడినవాళ్లూ తిట్టినవాళ్లూ ఇద్దరూ ఆవేశం మీదే ఉన్నారు. దీనికి టైమ్ ఇవ్వాలి. అసలు పాటలే దాదాపు అన్నీ పది నిమిషాలు దాటి ఉంటాయి.

నల్గొండలో ఈ రకం సంగీతం వినేవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమే, ఆ కొద్దిమందిమీ ఒక మాట మీద లేము. మహబూబ్‌నగర్‌లో ఉండే నా దోస్తు, వీళ్ల పాత ఆల్బమ్ 'లేటరాలస్' పెన్‌డ్రైవ్‌లో తిరిగిన రోజుల నుంచీ వీళ్లని వింటున్నవాడు, "ఏందిరా ఇది, పాట ఎప్పుడు మొదలైతదో తెల్వదు, ఆ కోపం యాడ పోయింది?" అన్నాడు. మిర్యాలగూడ చర్చిలో డ్రమ్స్ వాయించే తమ్ముడేమో "అన్నా, డానీ కేరీ వాయించుడు చూసినంక ఇంకేం వినబుద్ధయితలేదు" అంటాడు. డానీ కేరీ అంటే ఈ బ్యాండ్ డ్రమ్మర్. నేను తమ్ముడి వైపే.

ఎందుకో చెప్పాలంటే ఇందులోని 'న్యూమా' పాట వినాలి. మధ్యలో గిటార్ పక్కకు తప్పుకుని సింథసైజర్ చప్పుడు మాత్రమే మిగులుతుంది, ఇక్కడే చాలామంది పాట మార్చేస్తారు, అయ్యో అనిపిస్తుంది నాకు, ఎందుకంటే ఆ తర్వాతే కేరీ కొద్దికొద్దిగా బరువు పెంచుకుంటూ వచ్చి చివర్లో టామ్స్ అనే డ్రమ్ముల మీద విరుచుకుపడతాడు. దరువు ఎక్కడ తిరుగుతుందో కాలితో పట్టుకుందామంటే దొరకదు, అయినా ఒంట్లోకి దిగిపోతుంది. ఆయన తబలా కూడా నేర్చుకున్న మనిషి, ఆ చేతివాటం వినబడుతుంది.

దోస్తు మాటలోనూ నిజముంది. గాయకుడు మేనార్డ్ కీనన్ గొంతు ఇందులో చాలా తక్కువ, ఉన్నచోట కూడా అరుపు లేదు, మెత్తగా పాడి తప్పుకుంటాడు. 'కల్లింగ్ వాయిసెస్' పాట నాకు ఇప్పటికీ సాగదీతే. డిజిటల్‌లో అదనంగా పెట్టిన మూడు చిన్న ముక్కలు లేకపోయినా ఏం నష్టం లేదు, సీడీలో అవి లేవు కూడా. 'ఇన్విన్సిబుల్' మీద మాత్రం మా ఇద్దరికీ గట్టిగానే పడుతుంది. వయసు మీద పడిన యోధుడు ఇంకా బరిలో నిలబడాలని తంటాలు పడే పాట అది, 1990లో మొదలైన బ్యాండ్‌లో పాడే కీనన్ యాభై దాటిన వయసులో అది పాడుతుంటే పాతికేళ్లప్పటి కోపం అడగడం నాకు సబబుగా అనిపించదు.

వినే పద్ధతి కూడా ముఖ్యం. హైదరాబాద్ బస్సులో నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కాక చాలాసార్లు పెట్టి చూశాను, ఇంజిన్ మోతలో జస్టిన్ ఛాన్సలర్ బేస్ గిటార్ సగం మునిగిపోతుంది, పాటల మొదట్లో వచ్చే సన్నని గిటార్ అయితే అసలే వినబడదు. ఫోన్ స్పీకర్‌లో వినడం దండగ. రాత్రి ఇంట్లో, వైరున్న మంచి ఇయర్‌ఫోన్లతో, మధ్యలో ఆపకుండా వినండి.

ఇక '7ఎంపెస్ట్'. పదిహేను నిమిషాలు దాటే పాట, ముద్దుగా మొదలై ఒక్కసారిగా తిరగబడుతుంది, ఆడమ్ జోన్స్ గిటార్ అంత విచ్చలవిడిగా వాయించింది నేను ఇంకెక్కడా వినలేదు. 2020లో బెస్ట్ మెటల్ పర్ఫార్మెన్స్ గ్రామీ దీనికే వచ్చింది. కోపం ఏదని అడిగిన దోస్తుకి నేను పంపింది ఇదే, మొత్తం విని "గిది ముందు పెట్టాల్సుండె" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది, కాబట్టి పాత టూల్ ఇష్టపడేవాళ్లు వరస పక్కనపెట్టి దీంతో మొదలుపెట్టండి, తర్వాత 'న్యూమా', 'ఇన్విన్సిబుల్'. కొత్తవాళ్లయితే ముందు 'లేటరాలస్' విని రండి.