ఒంటి బరువు, బ్యాండ్లు, డంబెల్స్: ఇంట్లో వ్యాయామానికి ఏది మేలు?

జిమ్‌కి వెళ్లకుండా ఇంట్లోనే ఒళ్లు గట్టిపరుచుకోవాలనుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇదే: దండీలు, బస్కీలు చాలవా? సాగే రబ్బరు బ్యాండ్లు తెప్పించుకోవాలా? లేక డంబెల్స్ కొనాలా? జవాబులు ఎక్కువగా ఎంత చోటు పడుతుంది, ఎన్ని రకాల వ్యాయామాలు చేయొచ్చు అన్న లెక్కల చుట్టూనే తిరుగుతుంటాయి. వాటినీ చూసుకోవాలి. కానీ మూడు నెలల తర్వాత కూడా ఒంట్లో మార్పు వస్తూనే ఉంటుందా, ఆగిపోతుందా అన్నది తేల్చేది వేరే విషయం. ఇప్పుడు ఎత్తుతున్న బరువుకీ తర్వాత ఎత్తబోయేదానికీ మధ్య మెట్టు ఎంత ఎత్తుంది? ఆ ఎత్తు మనకి కచ్చితంగా తెలుస్తుందా?

అలవాటైన బరువే మోస్తూ పోతే కండరానికి పెరగాల్సిన పని ఉండదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో గాయపడిన సైనికులకు చికిత్స చేసిన అమెరికన్ వైద్యుడు థామస్ డిలోర్మ్ 1945లో ప్రచురించిన పద్ధతికి ఇదే ఆధారం: ఎంత ఎత్తగలరో కొలవాలి, ఆ బరువుని కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. అనుకున్నదానికంటే ఒకటి రెండు రెప్స్ (ఒక వ్యాయామాన్ని వరసగా ఎన్నిసార్లు చేస్తామో ఆ లెక్క) ఎక్కువ చేయగలిగిన రోజున బరువు 2 నుంచి 10 శాతం పెంచమని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2009లో సూచించింది. మూడింటినీ తూచడానికి ఈ 2–10 శాతమే మన తక్కెడ.

ఒంటి బరువు: తోయడానికి భేష్, లాగడానికి కష్టం

దండీలని చాలామంది ఒకే వ్యాయామం అనుకుంటారు. నిజానికి అదొక నిచ్చెన. నేల మీద మామూలు దండీలో చేతుల మీద పడేది ఒంటి బరువులో సుమారు 64 శాతం. మోకాళ్లు ఆనిస్తే 49కి తగ్గుతుంది. చేతులు 60 సెంటీమీటర్ల ఎత్తున పెడితే 41, 30 సెంటీమీటర్ల ఎత్తున పెడితే 55. కాళ్లని 30 సెంటీమీటర్ల ఎత్తు మీద పెడితే 70, 60 సెంటీమీటర్ల మీద పెడితే 74.

70 కిలోల మనిషికి ఇది సుమారు 29 కిలోల నుంచి 52 కిలోల దాకా ఉన్న మెట్ల వరస. ఇంట్లో మెట్లుంటే ఇంకా మంచిది. మూడో మెట్టు మీద చేతులు పెట్టి 3 సెట్లు (మధ్యలో విరామం ఇస్తూ మూడు విడతలు) 12 చొప్పున వచ్చాక రెండో మెట్టుకి, ఆ తర్వాత మొదటి మెట్టుకి, చివరికి నేలకి దిగొచ్చు. దండీ రానివాళ్లకి మోకాళ్ల మీద చేయడం కంటే ఇదే సరైన దారి. ఒళ్లు తల నుంచి మడమ దాకా ఒకే గీతలో ఉంటుంది కాబట్టి పొట్ట, నడుము కూడా మొదటి రోజు నుంచే పనిచేస్తాయి.

చిక్కంతా లాగడం దగ్గర. దండీల్లో పనిచేసేవి ఛాతీ, భుజం ముందు భాగం, చేతి వెనక కండరం. వీపు కండరాలకి పని చెప్పాలంటే ఏదో ఒకటి లాగాలి, ఖాళీ నేల మీద లాగడానికి ఏమీ లేదు. నెలల తరబడి దండీలే చేసేవాళ్లలో ఛాతీ బలపడుతుంది, వీపు వెనకబడిపోతుంది. బల్ల కింద పడుకుని దాని అంచు పట్టుకుని లాగమని చాలాచోట్ల చెబుతుంటారు. తేలికపాటి బల్ల అయితే ఒక పక్కకి బరువు పడగానే ఒరిగి మీద పడుతుంది, ఆ పని చేయకండి. పుల్-అప్ (వేలాడుతూ ఒంటిని పైకి లాక్కోవడం) కోసం కడ్డీ బిగిస్తే దారి ఏర్పడుతుంది కానీ మొదటి మెట్టే ఒంటి బరువంత ఉంటుంది. ఒక్క పుల్-అప్ కూడా రానివాళ్లు స్టూలెక్కి గడ్డం కడ్డీ పైకి తెచ్చుకుని, 5 సెకన్లు లెక్కపెడుతూ మెల్లగా కిందికి దిగాలి. ఇలా 3 నుంచి 5 సార్లు, వారానికి రెండు రోజులు చేస్తే చాలు. మొదట్లోనే ఎక్కువ చేస్తే మోచేతి లోపలి వైపు నొప్పి పట్టుకుంటుంది, అది తగ్గడానికి వారాలు పడుతుంది.

కాళ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. బస్కీలు 30, 40 తేలిగ్గా వచ్చేశాక మిగిలేది ఒంటికాలి బస్కీ. అక్కడ కాలి మీద పడే భారం ఒక్కసారిగా దాదాపు రెట్టింపవుతుంది. పైగా చాలామందిని ఆపేది తొడలో బలం లేకపోవడం కాదు, చీలమండ అంత వంగకపోవడం. మడమ కింద 2 నుంచి 3 సెంటీమీటర్ల మందం చెక్క పెట్టి చూడండి. అప్పుడు తేలిగ్గా దిగగలిగితే సమస్య చీలమండదే. మధ్యలో స్ప్లిట్ స్క్వాట్ అనే మజిలీ ఉంది: వెనక కాలి పాదాన్ని కుర్చీ మీద పెట్టి, ముందు కాలితో దిగి లేవడం.

బ్యాండ్లు: సాయానికి మంచివి, కొలతకి అందవు

రెసిస్టెన్స్ బ్యాండ్లంటే నాకు చిన్నచూపు లేదు. బరువుండవు, చప్పుడు చేయవు, సంచిలో పడేసుకుని ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చు. రబ్బరు ఎంత సాగితే అంత బిగుస్తుంది, దాని గుణమూ దాని లోపమూ అదే. మోచేయి మడిచే వ్యాయామం తీసుకోండి. చేయి చాచి ఉన్నప్పుడు బ్యాండ్‌లో పట్టు దాదాపు ఉండదు, చేయి మడిచాకే అసలు బరువు పడుతుంది. కండరం సాగి ఉన్న దశలో భారం పడితే కండ బాగా పెరుగుతుందని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. బ్యాండ్ సరిగ్గా అక్కడే తేలిపోతుంది. మొదలుపెట్టే చోట కూడా బ్యాండ్ వదులుగా లేకుండా కొంచెం వెనక్కి జరిగి నిలబడితే ఈ లోపం కొంత తగ్గుతుంది.

అసలు ఇబ్బంది కొలత. థెరాబ్యాండ్ కంపెనీ రంగుల వరస చూడండి. రెట్టింపు పొడవుకి లాగినప్పుడు పసుపు 1.3 కిలోలు, ఎరుపు 1.7, ఆకుపచ్చ 2.1, నీలం 2.6, నలుపు 3.3, సిల్వర్ 4.6 కిలోల బలం చూపిస్తాయి. ఒక రంగు నుంచి తర్వాతి రంగుకి మెట్టు సుమారు నాలుగో వంతు నుంచి 40 శాతం దాకా ఉంది, మనకి కావలసిన 10 శాతానికి ఇది చాలా దూరం. వేరే కంపెనీ తీసుకుంటే ఇవే రంగులకి వేరే బలాలుంటాయి. జానెడు ముందుకి నిలబడితే అదే బ్యాండ్ తేలికవుతుంది కాబట్టి, పోయినవారంకంటే రెండు రెప్స్ ఎక్కువ చేశామంటే బలం పెరిగిందో, నిలబడిన చోటు మారిందో చెప్పలేం. బ్యాండ్లే వాడదలిస్తే పాదం పెట్టే చోట నేల మీద టేపు ముక్క అంటించండి, ప్రతిసారీ ఆ గీత మీదే నిలబడండి.

తలుపుకి తగిలించి లాగేవాళ్లు ఒకటి చూసుకోవాలి: మీరు నిలబడ్డ వైపు నుంచి లాగితే తలుపు ఇంకా గట్టిగా మూసుకోవాలి. మీ వైపుకి తెరుచుకునే తలుపైతే గడియ ఊడిన మరుక్షణం తలుపూ బ్యాండూ కలిసి ముఖం మీదికి వస్తాయి. రబ్బరు ఎండకీ వేడికీ నూనె అంటిన చేతులకీ పాడవుతుంది. వారానికోసారి బ్యాండ్‌ని వెలుతురులో సాగదీసి చూడండి. అంచు మీద గోరంత చీలిక కనిపించినా పారేయాల్సిందే, తెగిన బ్యాండ్ కంటికి తగిలే ప్రమాదం ఉంది.

బ్యాండ్‌కి సాటిలేని పని ఒకటుంది. పొడవాటి, ఉంగరంలా రెండు కొసలూ కలిసి ఉండే లూప్ బ్యాండ్‌ని పుల్-అప్ కడ్డీకి వేసి అందులో మోకాలు పెడితే, మనకి బలం తక్కువగా ఉండే అడుగు భాగంలోనే అది ఎక్కువ సాయం చేస్తుంది.

డంబెల్స్: మెట్టు మన చేతిలో ఉంటుంది

నన్నడిగితే ఒక్కటే కొనగలిగినవాళ్లు ప్లేట్లు మార్చుకునే డంబెల్స్ జత కొనాలి. 5 కిలోల జత, 10 కిలోల జత అని విడివిడిగా అమ్మే స్థిరమైన డంబెల్స్ కాదు. 5 నుంచి 10కి వెళ్లడమంటే నూటికి నూరు శాతం పెంచడం, అలా ఎవరూ ఎక్కలేరు. ఇంట్లో మూలన దుమ్ముపట్టి ఉండే డంబెల్స్‌లో ఎక్కువ ఇలాంటివే.

కొనేటప్పుడు అందరూ మొత్తం ఎన్ని కిలోలు అని చూస్తారు. చూడాల్సింది అతి చిన్న ప్లేటు ఎంత అన్నది. ప్లేట్లు రెండు వైపులా సమానంగా వేయాలి కాబట్టి 1.25 కిలోల ప్లేటే అతి చిన్నదైతే ఒక్కో మెట్టు 2.5 కిలోలు. భుజాల దగ్గర్నుంచి తలమీదికి ఎత్తే ప్రెస్‌లో 7 నుంచి 9.5కి వెళ్లడం అంటే 36 శాతం, గోడకి గుద్దుకున్నట్టే. అరకిలో ప్లేట్లు చేరితే లెక్క మారిపోతుంది.

ఒక్కో రాడ్‌కి అరకిలోవి 2, 1.25 కిలోలవి 2, 2.5 కిలోలవి 4 తీసుకోండి. రాడ్, నట్లు కలిపి 2 కిలోలనుకుంటే వచ్చే బరువులు ఇవి: 2, 3, 4.5, 5.5, 7, 8, 9.5, 10.5, 12, 13, 14.5, 15.5. పన్నెండు మెట్లు, ఏ రెండింటి మధ్యా ఒకటిన్నర కిలో మించదు. రెండు రాడ్ల ప్లేట్లూ ఒకదానికే ఎక్కిస్తే 29 కిలోలవుతుంది. ముందుకి వంగి బరువుని ఒంటిచేత్తో నడుము వైపు లాగే రో, బరువుని గుండెకి హత్తుకుని చేసే గాబ్లెట్ స్క్వాట్ లాంటివాటికి అది చాలాకాలం సరిపోతుంది.

అంత ఎక్కించాలంటే రాడ్ పొడవు చూసుకోవాలి. 35 సెంటీమీటర్ల రాడ్‌లో చేతి పట్టు, నట్లు పోగా ఒక్కో వైపు 9 సెంటీమీటర్ల చోటే మిగులుతుంది. 40 లేదా 45 సెంటీమీటర్లది మేలు. ప్లేట్లు ఇనుపవైతే పల్చగా ఉంటాయి. ప్లాస్టిక్ తొడుగులో సిమెంటు నింపినవి అదే బరువుకి చాలా మందంగా ఉండి, 15 కిలోలు చేరేసరికే రాడ్ నిండిపోతుంది, ఎత్తేటప్పుడు తొడలకి తగులుతాయి. రాడ్ మందం, ప్లేటు రంధ్రం సరిపోలాయో లేదో కూడా చూడండి. 25 మిల్లీమీటర్ల రాడ్‌కి 30 మిల్లీమీటర్ల రంధ్రం ప్లేటు ఎక్కుతుంది కానీ ప్రతి రెప్‌కీ ఊగుతుంది, ఊగే ప్లేటు నట్‌ని వదులు చేస్తుంది. ప్లేటు మీద అచ్చేసిన అంకెని నమ్మకుండా ఇంట్లో తూకం ఉంటే తూచి, అసలు బరువు సుద్దతో రాసుకోవడం మంచిది.

పెద్ద ప్లేట్లు లోపలికి, చిన్నవి బయటికి వేయాలి. ప్రతి సెట్‌కి ముందు నట్లు బిగించాలి, ముఖ్యంగా తలమీదికి ఎత్తే వాటికి. నేల మీద రబ్బరు పరుపు లేకపోతే టైల్స్ పగులుతాయి. డయల్ తిప్పి బరువు మార్చే డంబెల్స్ వేగంగా మారతాయి, నిజమే. కానీ కింద పడేస్తే లోపలి గొళ్లెం వంగుతుంది, మెట్టు కూడా తయారీదారు పెట్టినంతే ఉంటుంది.

డంబెల్స్‌కీ లోపాలున్నాయి. భుజాల పక్కకి చేతులు లేపే వ్యాయామంలో 4.5 నుంచి 5.5కి వెళ్లినా 22 శాతం పెంచినట్టే, మన 10 శాతం దాటిపోతుంది. అలాంటి చిన్న కండరాలకి రెప్స్ పరిధి 12 నుంచి 20 దాకా పెట్టుకోవాలి. మిగతావాటికి 8 నుంచి 12. మూడు సెట్లలోనూ పై అంకె వచ్చాక ఒక మెట్టు ఎక్కాలి, మళ్లీ కింది అంకె దగ్గర మొదలుపెట్టాలి. తేలిక బరువుతో కూడా, ఇక రెండు మూడు రెప్స్ మించి రావు అన్నంత దాకా చేస్తే కండ పెరుగుతుంది. అందుకే ఈ పద్ధతిలో మధ్యలో వారాలు వృథా కావు.

ఐదు వ్యాయామాలు చాలు: నేల మీద వెల్లకిలా పడుకుని ప్రెస్, ఒంటిచేతి రో, స్ప్లిట్ స్క్వాట్, తుంటి దగ్గర వంగి లేచే రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, భుజాల మీది ప్రెస్. వారానికి రెండు మూడు రోజులు. రోలో బరువు పెరిగేకొద్దీ నడుము తిప్పి లాగడం మొదలవుతుంది. ఛాతీ నేలవైపే చూస్తుందో లేదో గమనించండి, తిరుగుతుంటే ఒక మెట్టు దిగండి. డెడ్‌లిఫ్ట్‌లో డంబెల్స్ కాళ్లని రాసుకుంటూ దిగాలి. జానెడు ముందుకి పోయినా ఆ బరువంతా నడుము మీదే పడుతుంది. రక్తపోటు ఎక్కువున్నవాళ్లు ముందు వైద్యుణ్ని అడగాలి, ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు.

మిగతావి

కెటిల్‌బెల్స్ (పైన పిడి ఉన్న ఇనుప గుండ్లు) ఊపే వ్యాయామాలకి బాగుంటాయి. కానీ సాధారణంగా 8, 12, 16 కిలోలు అంటూ నాలుగేసి కిలోల మెట్లు. ట్రెడ్‌మిల్ నడకకి బదులు తప్ప బలానికి పనికిరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమని బయట చురుగ్గా నడిచీ పూర్తిచేయొచ్చు. అదే సంస్థ కండరాల వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు విడిగా చేయమంటుంది, నడక దానికి బదులు కాదు.

చేతిలో ఏమీ లేకపోతే ఇవాళే మెట్ల మీద దండీలు, కుర్చీ మీద పాదం పెట్టి స్ప్లిట్ స్క్వాట్‌లు మొదలుపెట్టండి. మొదటి కొనుగోలు ప్లేట్ల డంబెల్స్, రెండోది ద్వారబంధానికి గట్టిగా నిలిచే పుల్-అప్ కడ్డీ, మూడోది ఆ కడ్డీకి వేసే లూప్ బ్యాండ్. డంబెల్స్ వచ్చాక కూడా దండీలు మానక్కర్లేదు, నేల మీద ప్రెస్‌కి 15.5 కిలోలు తేలికైపోయిన రోజున కాళ్లు కుర్చీ మీద పెట్టి చేసే దండీ దాని చోటుని భర్తీ చేస్తుంది.