హపోన్ ఇంటిపేరు, 38 యూరోల కాగితం: సెవిల్లా నుంచి కోరియా దెల్ రియో

స్పెయిన్‌లోని సెవిల్లాలో కెథడ్రల్ (పెద్ద చర్చి) దగ్గర సందుల్లో ఇంటిపేర్ల కాగితాలు అమ్మే కొట్లున్నాయి. వాటి జోలికి పోకండి. నేనిదంతా రాస్తున్నది ముఖ్యంగా ఆ మాట చెప్పడానికే.

వాళ్ళ పద్ధతి ఇదీ. కొట్లో ఒకాయన కంప్యూటరు ముందేసుకుని కూర్చుంటాడు. మీరు ఏదో ఒక ఇంటిపేరు చెప్తారు. ఆయన టైపు కొట్టి, పసుపు రంగు పూసి అంచులు కాల్చిన దళసరి కాగితం మీద ఆ వంశం చిహ్నంగా ఒక డాలు, దాని మీద సింహం, కోటబురుజు, కింద పది లైన్ల చరిత్ర అచ్చు తీసి ఇస్తాడు. మా తోడల్లుడు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తాడు, యూరప్‌లో తనని ఎవడూ మోసం చెయ్యలేడని గట్టి నమ్మకం. మర్నాడు మేం కోరియా దెల్ రియో అనే ఊరు వెళ్ళబోతున్నాం కదా, ఆ ఊళ్ళో మాత్రమే ఎక్కువగా కనిపించే 'హపోన్' అనే ఇంటిపేరు చెప్పి చరిత్ర తియ్యమన్నాడు. 38 యూరోలు. ఫ్రేముకి ఇంకో 22. ఫ్రేము వద్దని మా మరదలు చెయ్యి పట్టుకుని లాగేసింది కాబట్టి అంతటితో పోయింది.

కాగితంలో ఏముందంటే, హపోన్ వంశం ఉత్తర స్పెయిన్ కొండల్లో పుట్టిందట, మూర్లతో, అంటే అప్పట్లో స్పెయిన్‌ని ఏలిన ముస్లింలతో, జరిగిన యుద్ధాల్లో రాజు పక్కన నిలబడి పోరాడి ఆ డాలు సంపాదించిందట. హపోన్ అంటే స్పానిష్‌లో జపాన్ దేశం. మూర్ల చివరి రాజ్యం గ్రనాడా లొంగిపోయింది 1492లో. యూరప్ వాళ్ళు జపాన్ గడ్డ మీద మొదటిసారి కాలు పెట్టింది 1543లో, వాళ్ళూ పోర్చుగీసు వాళ్ళు. అప్పటికింకా తమవాళ్ళెవరూ కాలు పెట్టని దేశం పేరు ఇంటిపేరుగా పెట్టుకుని కొండల్లో ఎవరు యుద్ధం చేశారో ఆ కంప్యూటరుకే తెలియాలి. అసలు డాలు గుర్తు అనేది ఒక మనిషికి, అతని సంతతికి ఇచ్చేది, ఇంటిపేరుకి కాదు. గార్సియా అనే వాళ్ళు స్పెయిన్‌లో పది లక్షల మందికి పైనే ఉన్నారు, అందరికీ ఒకే సింహమా?

మర్నాడు సాయంత్రం వెనక్కి వెళ్ళి అడిగాం. అచ్చయిన సరుకుకి డబ్బు తిరిగివ్వడం కుదరదన్నాడు. మా తోడల్లుడు ఊరుకోలేదు. "సరే, మా ఇంటిపేరు కొట్టు చూద్దాం" అని వేమూరి అని అక్షరం అక్షరం చెప్పాడు. ఒక్క క్షణం ఆగి, నవార్రా ప్రాంతపు పాత కుటుంబం అని తేల్చాడు మహానుభావుడు. డాలు మీద ఈసారి తోడేలు. "మా వేమూరు బాపట్ల జిల్లాలో ఉంది అన్నయ్యా. మా ముత్తాత జీవితంలో తెనాలి దాటి వెళ్ళలేదు, ఈ తోడేలు ఎక్కణ్ణించి వచ్చింది?" అని నన్నడిగాడు, నేనేదో అచ్చు వేయించినట్టు. మీకోసం 30కే ఇస్తానన్నాడు కొట్టాయన.

మాడ్రిడ్, కోర్దోబా సుఖంగా గడిచాయి, చెప్పడానికేం లేదు. సెవిల్లాలో అద్దెకి తీసుకున్న అపార్ట్‌మెంటు మాత్రం చెప్పుకోవాలి. రాత్రికి 94 యూరోలన్నారు. బుక్ చేశాక శుభ్రం చేసినందుకు ఇంకో 40 వచ్చిపడింది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, తాళం చెవులు వీధి గోడకి తగిలించిన నంబర్ల డబ్బాలో. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మొదటిరోజు మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూలబడి "ఇంత దూరం వచ్చి జపాన్ వాళ్ళ ఊరు చూడ్డం దేనికి, ఆ డబ్బుతో జపానే వెళ్ళుండేవాళ్ళం" అంది. షెంజెన్ వీసాకే మనిషికి 90 యూరోలు కట్టిన తర్వాత ఆ మాట వినడం కష్టంగానే ఉంటుంది.

ఇక కోరియా దెల్ రియో. సెవిల్లా నుంచి గ్వాదల్‌కివీర్ నది వెంబడి దక్షిణంగా ఒక డజను కిలోమీటర్లు. టాక్సీ వాడు 30 యూరోలు అడిగాడు, అవసరం లేదు. ఊరి బస్సులు ఉన్నాయి, మనిషికి రెండు యూరోల లోపే అయింది. శనివారం కాబట్టి బస్సులు తక్కువ. వెళ్ళే బస్సు కంటే తిరిగొచ్చే బస్సు టైము ముందు కనుక్కోండి.

ఊరు చూడగానే మా మరదలు మొహం వాడిపోయింది. తెల్లటి ఇళ్ళు, మందుల షాపు, స్కూలు, మామూలు ఊరు. కానీ నది ఒడ్డున పార్కులోకి వెళ్ళగానే కిమోనో, కత్తులతో నిలబడ్డ సమురాయ్ యోధుడి విగ్రహం. ఆయన హసెకురా త్సునెనాగా. ఉత్తర జపాన్‌లో సెందాయ్ ప్రాంతపు ప్రభువు దాతే మసమునె ఆయన్ని దూతగా పంపాడు. అప్పట్లో స్పెయిన్ ఏలుబడిలో ఉన్న మెక్సికోతో నేరుగా వ్యాపారం కావాలి, దానికి స్పెయిన్ రాజు ఒప్పుకోవాలి. సాన్ హువాన్ బౌతిస్తా అనే ఓడ కట్టించి, 1613 అక్టోబరులో సుమారు 180 మందితో బయల్దేరదీశాడు. వెంట లూయిస్ సోతెలో అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి, పుట్టుక సెవిల్లాయే. పసిఫిక్ దాటి అకపుల్కో, మెక్సికో అడ్డంగా నడిచి వెరాక్రూజ్, అక్కణ్ణించి అట్లాంటిక్. 1614 అక్టోబరులో నది మొగదగ్గర సాన్‌లూకర్‌లో దిగి ఈ నదిలోనే పైకి వచ్చారు. అప్పటికి మిగిలింది ముప్పై మంది చిల్లర. సెవిల్లాలోకి అడుగుపెట్టే ముందు ఆగింది ఈ కోరియాలోనే.

తర్వాత కథ బాగానే మొదలై పాడైంది. 1615 జనవరిలో మాడ్రిడ్‌లో మూడో ఫెలిపే రాజు దర్శనం, ఫిబ్రవరిలో రాజు ఎదుటే హసెకురాకి బాప్తిస్మం, నవంబరులో రోమ్‌లో పోప్ ఐదో పాల్ దర్శనం. కానీ ఇవతల వీళ్ళు విందులు తింటూ ఉండగా అవతల జపాన్‌ని ఏలే సేనాధిపతి షోగన్ 1614లోనే క్రైస్తవ మతాన్ని నిషేధించాడు. ఆ కబురు మాడ్రిడ్ చేరాక వ్యాపారం మాట ఎవరెత్తుతారు? రెండోసారి స్పెయిన్ వచ్చినప్పుడు రాజు వీళ్ళని వదిలించుకోవాలనే చూశాడు. సెవిల్లా పక్కన ఎస్పార్తినాస్‌లో లొరేతో అనే మఠంలో కాలం గడిపి, జవాబు రాక, 1617లో హసెకురా ఓడెక్కాడు. 1620లో ఇల్లు చేరి, రెండేళ్ళకి పోయాడు. సోతెలోని 1624లో జపాన్‌లో సజీవంగా కాల్చేశారు. అలాంటి దేశానికి క్రైస్తవులుగా మారిన పనివాళ్ళు తిరిగి ఎందుకెళ్తారు? కొందరు ఇక్కడే ఉండిపోయారు. 17వ శతాబ్దం నడిమికి వచ్చేసరికి కోరియా కాగితాల్లో హపోన్ అనే ఇంటిపేరు కనబడుతుంది. ఇప్పుడు ఆ ఊళ్ళో ఆరేడు వందల మంది ఉన్నారంటారు.

ఎందుకు దేశం పేరే ఇంటిపేరైంది? ఆ రోజుల్లో జపాన్‌లో సమురాయ్‌లకే అధికారికంగా ఇంటిపేర్లు, నౌకర్లకీ ఓడ పనివాళ్ళకీ ఉండేవి కావు. 1870ల్లో గానీ అక్కడ అందరికీ ఇంటిపేరు తప్పనిసరి కాలేదు. బాప్తిస్మంలో వచ్చింది ఏ హువానో, ఏ ఫ్రాన్సిస్కోనో. ఊళ్ళో అలాంటి వాళ్ళు పదిమంది ఉంటే ఏ హువాన్ అని అడగరూ? జపాన్ హువాన్. స్పెయిన్‌లో తొలెదో, సెవిల్లా, నవార్రో అనే ఇంటిపేర్లు కూడా ఇలా ఊళ్ళ, ప్రాంతాల పేర్ల నుంచి వచ్చినవే. స్పెయిన్ ఫస్ట్ డివిజన్ ఫుట్‌బాల్‌లో రెఫరీగా చేసిన హోసే హపోన్ సెవిల్లా ఉన్నాడు కదా, ఆయనకి తండ్రి ఇంటిపేరు దేశం, తల్లి ఇంటిపేరు నగరం.

ఒంటిగంటన్నరకి ఆకలి దంచేస్తోంది. నదికి రెండు వీధుల అవతల ఒక బార్‌లోకి దూరాం. బార్ అంటే కంగారు పడకండి, అక్కడ కాఫీ, టిఫిను, భోజనం, ముసలాళ్ళ పేకాట అన్నీ అందులోనే. శనివారం కాబట్టి మా ఆవిడ నీచు ముట్టదు. ఈ దేశంలో శాకాహారం అంటే బంగాళదుంప ఆమ్లెట్టు చూపిస్తారు, అదీ శనివారం కుదరదు. ముఖం ముడుచుకుని కూర్చుంది. మా మరదలు వచ్చీరాని స్పానిష్‌లో అడిగితే, బల్ల వెనకాయన ఒక మట్టి గిన్నె తెచ్చి పెట్టాడు. పాలకూర, శనగలు, జీలకర్ర, వెల్లుల్లి, మిరపపొడి, ఆలివ్ నూనె. సెవిల్లా ప్రాంతపు వంటకమట. మా ఆవిడ ఒక చెంచా తిని ఏమీ మాట్లాడలేదు. రెండోది తిని "ఇందాకణ్ణించి ఇది ఎందుకు చెప్పలేదు?" అంది. రెండు గిన్నెలు ఒక్కతే తింది. మాకు అల్బూర్ అనే నది చేప. వెనిగర్, వెల్లుల్లిలో నానబెట్టి వేయించారు. ముళ్ళు జాగ్రత్త, రుచికి తిరుగు లేదు. పైన అన్నం కూడా దొరికింది. ఇక్కణ్ణించి కిందికి నదికి ఇరుపక్కలా వరిచేలు ఉన్నాయని అప్పుడు తెలిసింది. స్పెయిన్ అంతర్యుద్ధంలో వాలెన్సియా వరి రిపబ్లిక్ ప్రభుత్వం చేతిలో ఉండిపోతే, దాని మీద తిరగబడ్డ సేనాని ఫ్రాంకో పక్షం వాళ్ళు ఈ చిత్తడి నేలల్లో వరి పెంచారు. నలుగురికీ నీళ్ళతో, కాఫీలతో కలిపి 61 యూరోల 50 సెంట్లు. కెథడ్రల్ ముందు రెస్టారెంట్లో ఇద్దరికి అంతకంటే ఎక్కువ తీసుకుని, చల్లారిన అన్నం పెట్టారు.

మేం ఎందుకొచ్చామో మరదలు చెప్పగానే పక్క బల్ల మీది పెద్దాయన గుర్తింపు కార్డు తీసి చూపించాడు. రెండు ఇంటిపేర్లూ హపోనే! స్పెయిన్‌లో మనిషికి రెండు ఇంటిపేర్లు, మొదటిది తండ్రిది, రెండోది తల్లిది, పెళ్ళయినా ఆడవాళ్ళ పేరు మారదు. ఒక్క తరంలో మగపిల్లలు లేకపోయినా ఆ పేరు రెండో స్థానంలో ఇంకో తరం బతుకుతుంది. ఏ పేరు ముందుండాలో తల్లిదండ్రులు తేల్చుకునే వీలు 1999 చట్టంతో వచ్చింది, కాబట్టి అరుదైన పేరుని ముందుకి జరుపుకోవచ్చు. ఈ ఊళ్ళో హపోన్‌లు హపోన్‌లని చేసుకుంటే రెండూ ఒకటే అవుతాయి, అంతే. ఊళ్ళో కొందరు పసిపిల్లలకి నడుం కింద నీలి మచ్చ ఉంటుందనీ, అది జపాన్ రక్తమేననీ పెద్దాయన చెప్పాడు. "అది మన పిల్లలందరికీ ఉంటుంది బావా, మా చిన్నాడికి రెండేళ్ళదాకా పోలేదు" అంది మరదలు నా చెవిలో. నేనూ ఆ మచ్చని సాక్ష్యంగా తీసుకోను.

నన్ను నమ్మించింది వేరే. స్పెయిన్ జాతీయ గణాంక సంస్థ వెబ్‌సైటులో ఏ ఇంటిపేరు కొట్టినా ప్రావిన్సుల వారీగా ఎంతమంది ఉన్నారో వస్తుంది. దేశం మొత్తానికి ఇరవైమంది కూడా లేని పేర్లు చూపించదు. హపోన్ కొడితే సెవిల్లా ప్రావిన్సు ముద్దగా కనబడుతుంది, మిగతా దేశమంతా చెదురుమదురే. వంశం ఎక్కడో కొండల్లో పుట్టి ఉంటే ఆ కొండల్లో జాడ ఉండాలి కదా. దూతలు దిగిన ఊరూ, పేరు మొదట కనబడ్డ ఊరూ, ఇప్పటికీ పేరు దట్టంగా ఉన్న ఊరూ ఒకటే. ఫలానా జపాన్ వాడికి ఫలానా కొడుకు అని రాసిన కాగితం చూపించమంటే మాత్రం లేదు. కోర్టులో నిలబడదు, కానీ నా దృష్టిలో కొట్టు వాడి సింహం కంటే వెయ్యి రెట్లు నయం. జపాన్ వాళ్ళూ ఈ సంబంధాన్ని మనసారా ఒప్పుకున్నారు. నాలుగు వందల ఏళ్ళ సందర్భంగా 2013లో అప్పటి యువరాజు, ఇప్పటి చక్రవర్తి నరుహిటో ఈ ఊరొచ్చి చెర్రీ మొక్క నాటి వెళ్ళాడు.

భోజనం తర్వాత ఊరు మూసేస్తారు. చర్చి కూడా పూజ వేళల్లోనే, బయటినించి చూసి వచ్చేశాం. నాలుగు నుంచి ఆరు దాకా ఏం చెయ్యాలో తెలియకపోతే నది దాటించే పంటు ఎక్కండి. నరసాపురం పంటులాగే కార్లూ, సైకిళ్ళూ, మనుషులూ అన్నీ ఎక్కిస్తారు, చిల్లర డబ్బులతో అయిపోతుంది. అవతల ఒడ్డున చూడ్డానికేమీ లేదు, దిగి తిరిగి ఎక్కడమే. మా ఆవిడ అక్కడే మొదటిసారి ఫోటో తియ్యమని అడిగింది.

సెవిల్లాలో ఒక పూట మిగిలితే కెథడ్రల్ పక్కనే ఇండీస్ ఆర్కైవ్స్ చూడండి, టికెట్టు లేదు. అమెరికా ఖండాల పాలన కాగితాలన్నీ ఒకచోట పెట్టమని మూడో కార్లోస్ రాజు 1785లో పెట్టించినది. దాతే మసమునె సెవిల్లా నగరానికి రాసిన ఉత్తరం మాత్రం అక్కడ కాదు, నగర పురపాలక భాండాగారంలో ఉంది. ఈ రాయబారానికి సంబంధించిన పత్రాలకి 2013లో యునెస్కో గుర్తింపు వచ్చింది. చూపిస్తారో లేదో ముందే రాసి కనుక్కోండి, ఊరికే వెళ్ళి తలుపు కొట్టకండి. జులై, ఆగస్టు వద్దే వద్దు, నలభై డిగ్రీలు దాటుతుంది. బస కోరియాలో పెట్టుకోకండి, సాయంత్రం చూసేదేం ఉండదు. సెవిల్లాలోనే, లిఫ్టు ఉందని రాతపూర్వకంగా ఒప్పించుకున్న చోట దిగండి.