ఈస్టర్ ఉదయానికి ఏ లిల్లీ మేలు?

బెంగళూరు కె.ఆర్. మార్కెట్లో తెల్లవారుజామున నిలబడి ‘లిల్లీ కావాలి’ అని తెలుగులో అడిగితే, పూలాయన చేతిలోని కట్ట దించి ‘సుగంధరాజానా అక్కా, పెద్ద లిల్లీనా?’ అని తిరిగి అడుగుతాడు. అడగవలసిన ప్రశ్నే. మన వాడుకలో లిల్లీ అంటే పొడవాటి కాడకు చిన్న చిన్న తెల్లపూలు బారుగా పూసే మొక్క. కన్నడిగులు దానిని సుగంధరాజ అంటారు, తమిళులు సంపంగి అంటారు. ఈస్టర్ చిత్రాలలో కనిపించే బూరవంటి పెద్ద తెల్లపువ్వు వేరు. అది జపాను దక్షిణ దీవులలో పుట్టి, పాశ్చాత్య దేశాల ఆలయాలకు పండుగ పువ్వయింది. మా సంఘంలో ఆరాధన బల్ల అలంకరణ స్త్రీల సమాజం చేతికి వచ్చినప్పటినుండి ప్రతి ఏడూ ఈ రెండింటి మధ్యనే చర్చ నడుస్తోంది.

పెద్ద లిల్లీ లేకపోతే ఈస్టర్ ఈస్టర్ కాదనేవారికి నా మొదటి జవాబు మన బైబిలులోనే ఉంది. మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో ఇంగ్లీషువారు లిల్లీ అని చదువుకునే చోట మనం ‘అడవిపువ్వులు’ అని చదువుకుంటాం. పరమగీతంలో వారి లోయ లిల్లీ మనకు ‘పద్మము’ అయింది. కాబట్టి ఫలానా పువ్వే ఉండాలన్న కట్టడి తెలుగు విశ్వాసికి లేదు. ఇక చూడవలసింది ఏ పువ్వు ఏప్రిల్ ఎండకు ఆగుతుంది, ఏది తెల్లవారకముందే చీకటిలో జరిగే ఆరాధనకు పనికివస్తుంది, ఏది సంఘం సంచికి భారం కాదు అన్నవే.

పెద్ద లిల్లీ గుణాలను తక్కువచేయడం నా ఉద్దేశం కాదు. చివరి బెంచీలో కూర్చున్నవారికి కూడా పువ్వు పువ్వుగా కనబడేది అదొక్కటే. ఏడు కాడలు ఎత్తైన జాడీలో నిలిపితే బల్ల నిండుతుంది. అయితే మొగ్గగా కొనాలి, విచ్చుకోవడానికి రెండు మూడు రోజులు ఇవ్వాలి, అంటే గురువారమే తెచ్చి నీడలో ఉంచాలి. కాడకు అడుగునున్న మొగ్గ ఉబ్బి రంగు తేలి ఉంటే తీసుకోవచ్చు. పచ్చగా గట్టిగా ఉన్నవి ఆదివారానికి మొగ్గలుగానే మిగిలిపోతాయి. అసలు చిక్కు పుప్పొడితో వస్తుంది. ఒక ఏడాది విచ్చిన పువ్వు నడుమ వేలాడే గోధుమరంగు తిత్తులను తీయడం మరిచిపోయాం. శనివారం రాత్రి బల్లపై పరచిన తెల్లగుడ్డమీద పొడి రాలితే, కంగారులో నేనే తడి చేతిరుమాలుతో తుడిచాను. ఇసుమంత పొడి జానెడు పసుపు మరకయింది, ఆ మరక నేటికీ పోలేదు. తడి తగలకుండా అతుకు టేపును మెల్లగా అద్ది ఎత్తాలని తరువాత తెలిసింది. అంతకన్నా మేలు, పువ్వు విచ్చిన గంటలోనే, పొడి పొడిబారకముందే, ఆ తిత్తులను వేళ్ళతో తుంచివేయడం. పిల్లి ఉన్న ఇంటికి మాత్రం ఈ పువ్వు వద్దేవద్దు. దాని ఆకు, పువ్వు, పుప్పొడి, చివరకు జాడీలోని నీరు కూడా పిల్లి మూత్రపిండాలను పాడుచేస్తాయి.

మన లిల్లీకి ఈ బెడద లేదు. మెక్సికోనుండి వచ్చిన మొక్కే అయినా దక్షిణాది నేలకు ఎంతగా అలవాటుపడిందంటే, బెంగళూరు శివారు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ శృంగార్, ప్రజ్వల్, సువాసిని, వైభవ్ అని దీనిలోనే రకాలు తీసింది. మొదటి రెండూ ఒంటి రేకులవి, తరువాతివి ముద్దపూలవి. ఒంటి రేకుల పువ్వుకు సువాసన ఎక్కువ, దండకు బాగుంటుంది. ముద్దపువ్వు కాడతో నిలబెట్టడానికి అందం. పండుగ మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 లోపల ఏ ఆదివారం పడినా ఇది మార్కెట్లో దొరుకుతుంది. చలిదేశాలలో పండుగ తేదీ జరిగిన కొద్దీ దుంపలకు వేడి పెంచీ తగ్గించీ లిల్లీలను ఆ రోజుకు పూయిస్తారు. మనకు ఆ పాట్లు లేవు.

ఇంకొక సంగతి ఉంది, నా తీర్పు దానిమీదనే ఆధారపడింది. మా సంఘం ఈస్టర్‌ను సూర్యోదయానికి ముందే, సమాధుల తోటలో మొదలుపెడుతుంది. మగ్దలేనే మరియ పెందలకడ, ఇంకా చీకటిగా ఉన్నప్పుడే సమాధి దగ్గరకు వెళ్ళి, ఎదుట నిలిచిన ప్రభువును తోటమాలి అనుకున్న ఘట్టం చదివేటప్పుడు పక్కనున్నవారి ముఖమే సరిగా కనబడదు. ఆ వేళ కొయ్య సిలువకు చుట్టిన పువ్వు ఎంత పెద్దదైనా ఏం లాభం? దాని వాసనే మనకు అందుతుంది. మన లిల్లీ చీకటి పడ్డాకనే గుబాళిస్తుంది. పెద్ద లిల్లీలలోనూ కొన్ని ఘాటైన వాసన గలవే, కొన్నింటికి బొత్తిగా వాసన ఉండదు. ఏది ఏదో తెలియక కొని నిరాశపడినవారు మాలో ఉన్నారు.

మల్లెల మాట కూడా వస్తుంది, ఎందుకంటే అది వాటి కాలం. కానీ సాయంత్రం విచ్చిన మల్లె మరునాటి పొద్దెక్కేసరికి రంగు మారుతుంది. తెల్లవారుజాము ఆరాధనకు సరిపోతుంది, తొమ్మిదింటి ఆరాధనకు మిగలదు. పైగా చైత్ర పూర్ణిమకు బెంగళూరు కరగ జరుగుతుంది. కరగ అంటే మల్లెల ఊరేగింపే. ఈస్టర్ కూడా పున్నమి వెనుక వచ్చే ఆదివారమే గనుక, 2023లోలాగా రెండూ ఒకే వారంలో పడిన ఏడు మూర ధర విని వెనుదిరగవలసిందే. మల్లెలను తలలకే వదిలివేద్దాం. గ్లాడియోలస్ చవక, నిలువెత్తు. అయితే పడుకోబెట్టి ఉంచితే కొనలు పైకి వంగిపోతాయి, ఒకసారి వంగాక మళ్ళీ తిన్నబడవు.

మన లిల్లీకి లోపాలు లేవనను. పలచగా పెడితే దూరానికి వట్టి పుల్లల్లా కనిపిస్తాయి. అందుకే ఒక్కో పాత్రకు రెండు కట్టలకు తగ్గకూడదు, కొబ్బరాకో ఫెర్నో వెనుక దట్టంగా ఉండాలి. కొనేటప్పుడు అడుగున రెండు మూడు పూలు విచ్చిన కాడనే ఎంచుకోవాలి. కొనదాకా బిగిసిన మొగ్గలున్న కాడ విచ్చకుండానే పసుపెక్కుతుంది. నీరు రోజూ మార్చకపోతే పువ్వు వాసనను కుళ్ళు వాసన మింగేస్తుంది. తలుపులు మూసిన చిన్న గదిలో కొందరికి తలనొప్పి వస్తుంది, వారి ఇంటి బల్లమీదకు రెండు కాడల పెద్ద లిల్లీయే మేలు, వాసన లేని రకమైతే మరీ మేలు.

నిలబెట్టే పద్ధతిలో మాత్రం నాకు సందేహం లేదు. పూలకొట్లలో పచ్చని ఫోము ఇటుక అంటగడతారు. దానిని నీటిలో అదిమి ముంచితే లోపల గాలి నిలిచి పొడిగానే ఉంటుంది; తానుగా మునగనివ్వాలి. అంతా చేశాక అది కరగని చెత్తగా మిగులుతుంది. మేము పాత ఇత్తడి బిందెలో కోళ్ళ జాలీని ఉండచుట్టి కూరి, ఆ కన్నాలలో కాడలు గుచ్చుతాం. కాడ చివర ఏటవాలుగా కోసి, నీటిలో మునిగే ఆకులన్నీ దూసివేస్తాం.

ఈసారి కె.ఆర్. మార్కెట్‌కు శనివారం తెల్లవారకముందే వెళ్ళాలని నిర్ణయమైంది. ముద్దపూలవి బల్లకు ఆరు కట్టలు, సిలువకు ఒంటి రేకుల విడిపూలు రెండు కిలోలు. పెద్ద లిల్లీ ఉండితీరాలని పట్టుబట్టిన పెద్దమ్మగారికి మూడు కాడలు ఒప్పుకున్నాం, తిత్తులు తుంచే పని ఆమెదే.