ఆంప్లిఫయర్‌కు ఏ కాపలా మేలు? స్పైక్ బస్టరా, స్టెబిలైజరా, మెయిన్ బోర్డులో రక్షణా?

నాలుగేళ్ల కిందట, మే నెలలో ఒక సాయంత్రం గాలివాన. ముందుగదిలో ఫ్యాను ఉన్నట్టుండి వేగం అందుకుంది. బల్బు కళ్లు చెదిరేలా వెలిగింది. ఆంప్లిఫయర్ లోంచి గుయ్యిమని మోత. నేను లేచి స్విచ్చు దగ్గరికి వెళ్లేలోగా టప్పుమని పేలింది, గదంతా కాలిన వాసన. వీధి స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగిందని తర్వాత తెలిసింది. మా నాన్నగారు ముచ్చటపడి కొనుక్కున్న ఆంప్లిఫయర్ అది.

దాన్ని నేను స్పైక్ బస్టరుకే తగిలించాను. ఆ పెట్టె విప్పి చూస్తే లోపల ఒకే ఒక నీలం బిళ్ల, సగం నల్లబడి పగిలి ఉంది. మిగిలిన సగం మీద 431 అన్న అంకె. దాన్ని వేరిస్టర్ అంటారు. ఆ అంకెకు అర్థం 43 పక్కన ఒక సున్నా, అంటే 430 వోల్టులు. వోల్టేజి అంతకు మించి ఎగిసినప్పుడు అది తనలోంచి దారి ఇచ్చి ఆ దెబ్బను తాను తీసుకుంటుంది. మైక్రోసెకన్లలో ముగిసే దెబ్బకు అది చక్కగా పనిచేస్తుంది. నిమిషాల తరబడి సాగే దెబ్బకు తానే మాడిపోతుంది.

ఏది కొనాలన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. మన ఇళ్లకు వచ్చే ప్రమాదాలు రెండు రకాలు. ఒకటి దగ్గర్లో పడే పిడుగు: వేల వోల్టులు, కానీ రెప్పపాటు కూడా ఉండదు. రెండోది న్యూట్రల్ తెగడం: 230 వోల్టులు రావలసిన చోట 400 దాకా వచ్చి (ఇది సగటు లెక్క, కరెంటు అల శిఖరంలో 430 కూడా దాటుతుంది), ఎవరో ఒకరు కరెంటు ఆపేదాకా అలాగే ఉంటుంది. మొదటిదాన్ని ఆపే పరికరం రెండోదాన్ని ఆపలేదు. దుకాణంలో ఈ మాట ఎవరూ చెప్పరు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

స్టెబిలైజరును చాలామంది సర్వరోగనివారిణి అనుకుంటారు. లైను చివర ఉన్న ఊళ్లలో, రాత్రి 170, 180 వోల్టులకు పడిపోయే చోట దాని మేలు కాదనలేనిది. వోల్టేజి మితిమీరితే కరెంటు తెంచే హై వోల్టేజి కటాఫ్ ఉన్న రకమైతే న్యూట్రల్ పోయినప్పుడూ ఆదుకోవచ్చు. కానీ లోపల టిక్కుమంటూ మారే రిలేకు (కరెంటుతో నడిచే స్విచ్చుకు) పిడుగు వేగం అందదు. పైగా దాని ట్రాన్స్‌ఫార్మర్ చేసే సన్నని మోత, నిశ్శబ్దంగా వీణ వింటున్నప్పుడు ప్రాణం తీస్తుంది. మీ ఆంప్లిఫయర్ వెనక 100-240 వోల్టులు అని రాసి ఉంటే తక్కువ వోల్టేజిని అదే తట్టుకుంటుంది, ఆ డబ్బు మరోచోట పెట్టండి.

ఇళ్లలో వాడే మామూలు ఇన్వర్టరు, చవక యూపీఎస్ సంగీతానికి పనికిరావు. వాటి స్క్వేర్ వేవ్ కరెంటుతో (నునుపైన అలలా కాక మెట్లమెట్లుగా మారే కరెంటుతో) స్పీకర్లలో బుర్రుమనే శబ్దం వస్తుంది. ఆన్‌లైన్ యూపీఎస్ (కరెంటును ఎప్పుడూ తానే కొత్తగా తయారుచేసి ఇచ్చే రకం) మంచిదే, కానీ ఖరీదు, ఫ్యాను చప్పుడు, కొన్నేళ్లకోసారి బ్యాటరీల ఖర్చు.

సొంత ఇల్లయితే నా ఓటు మెయిన్ బోర్డుకే. అక్కడ రెండు పరికరాలు పక్కపక్కన కావాలి. పిడుగు దెబ్బను భూమిలోకి పంపడానికి టైప్ 2 ఎస్పీడీ (సర్జ్ ప్రొటెక్షన్ డివైస్, మెయిన్ బోర్డులో బిగించే రకం), వోల్టేజి 270 దాటగానే ఇంటికి కరెంటు తెంచేసే ఓవర్ వోల్టేజి కటాఫ్. ఎస్పీడీకి వెళ్లే తీగలు మొత్తం అర మీటరు మించకుండా బిగించమని ఎలక్ట్రీషియన్‌కు గట్టిగా చెప్పండి, తీగ పొడవు పెరిగితే రక్షణ తగ్గుతుంది. దాని కిటికీలో పచ్చ రంగు ఎర్రబడితే కార్ట్రిడ్జి మార్చాలి.

ఎర్త్ లేకపోతే వీటిలో ఎస్పీడీకి దెబ్బను పంపే దారే ఉండదు. పాత ఇళ్లలో సాకెట్ మూడో రంధ్రం వెనక తీగే ఉండదు; ఉన్నా, వేసవిలో ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటుంది. ముందు దాన్ని పరీక్ష చేయించండి. స్పీకర్లలో హమ్ (ఆగకుండా వచ్చే సన్నని గుయ్యిమనే మోత) పోవడానికి ప్లగ్గు నుంచి ఎర్త్ పిన్ను పీకేసే అలవాటు మన సంగీతప్రియుల్లో ఉంది. దయచేసి ఆ పని చేయకండి. ఏదైనా లోపం వస్తే ఆంప్లిఫయర్ ఇనుప పెట్టెకే కరెంటు పాకుతుంది, దాన్ని మీ పిల్లలు ముట్టుకుంటారు. హమ్‌కు అసలు కారణం సాధారణంగా రెండు వేర్వేరు సాకెట్ల నుంచి ఎర్త్ రావడం. సామాన్లన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకుంటే చాలాసార్లు అదే పోతుంది.

అద్దె ఇంట్లో మెయిన్ బోర్డు ముట్టుకోలేం. సాకెట్‌లో నేరుగా గుచ్చే, వోల్టేజి పెరిగితే కరెంటు తెంచే వోల్టేజి ప్రొటెక్టరు ఒకటి, దాని తర్వాత మూడు వేరిస్టర్లు ఉన్న స్పైక్ బస్టరు ఒకటి పెట్టుకోండి. ఒకే బిళ్ల ఉన్న చవకరకం వద్దు.

ఏది పెట్టినా, పిడుగు వేళ ప్లగ్గు పీకడానికి సాటి వచ్చేది లేదు. స్విచ్చు ఆపితే చాలదు: అది ఫేజును మాత్రమే తెంచుతుంది, న్యూట్రల్, ఎర్త్ తగిలే ఉంటాయి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు ఉంటే పిడుగు దాదాపు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు, ప్లగ్గు అప్పుడే తీసేయాలి. నెత్తిమీదికి వచ్చాక దాన్ని ముట్టుకోవద్దు. పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ ఫోనులో ఉంటే ఇంకా ముందే తెలుస్తుంది. ప్లగ్గుతోపాటు కేబుల్ టీవీ తీగ, రౌటరు నుంచి వచ్చే నెట్ తీగ కూడా తీయండి. పిడుగు ఆ దారిన కూడా ఇంట్లోకి వస్తుంది.